కార్డు పలకని గంట

మూడోసారి కూడా మిషన్ కార్డును ఒప్పుకోలేదు. నీలవ్వ చీర మీద తొడుక్కున్న ఖాకీ చొక్కా అంచుతో కార్డును తుడిచి, మళ్ళీ దూర్చి, అంకెలు నొక్కమని మిషన్‌ను శ్రవణ్ ముందుకు చాపింది. కూతురు పుట్టిన తేదీ, నెల కలిసిన ఆ నాలుగు అంకెలను శ్రవణ్ ఈసారి ఒక్కొక్కటిగా, తప్పు పోకుండా నొక్కాడు. చిన్న తెర మీద చుక్కలు తిరిగి తిరిగి ఆగిపోయాయి. చీటీ వచ్చింది గాని, అది పైసలు ముట్టాయన్న చీటీ కాదు.

“పోతలేదు తమ్మీ. పైసలున్నయా గిండ్ల?” అంది నీలవ్వ.

“ఉన్నయక్కా. నిన్న పొద్దుగాల గూడ నడిచింది.”

“ఫోన్ల కొడతవా మరి?”

ఫోన్‌లో కొట్టాలంటే బ్యాంకులో ఉండాలి. బ్యాంకులో నలభై ఒక్క రూపాయలున్నాయి. ఐదు వందల పెట్రోలు అప్పటికే టాంకులోకి పోయింది, దాన్ని మళ్ళీ తోడి ఇచ్చేది లేదు. వెనక పసుపు బస్తాల లారీ హారన్ కొట్టింది. “బండి జర పక్కకు వెట్టు. మీ ఆమెకు ఫోన్ జెయ్యి,” అని నీలవ్వ కార్డును తిరిగి చేతిలో పెట్టింది.

గాలి మిషన్ పక్కన సిమెంటు దిమ్మె. సగం ఎండ, సగం నీడ. నీడలో కూర్చోవాలంటే నడుమును కొంచెం కుడివైపు వంచాలి, వంచితే ఆపరేషన్‌లో వెన్నుకు వేసిన రాడ్లు ఇక్కడున్నామని చెబుతాయి, అందుకని శ్రవణ్ ఎండలోనే కూర్చుని ఫోన్ చేశాడు. పదకొండు ఇరవై. అక్కడ, బహ్రెయిన్‌లో, తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ. భూమిక ఈపాటికి స్నానం చేసి, తల దువ్వుకుని, సెలూన్ బండి కోసం మెట్ల మీద నిలబడి ఉంటుంది. పది గంటలకు సెలూన్ తెరుస్తారు, ఆ లోపల ఎప్పుడు చేసినా ఎత్తుతుంది. రింగు పోయింది, పోయింది, ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. పన్నెండున్నరకు బడి విడుస్తారు, మొన్న సోమవారం నుంచి ఒంటిపూట బడులు, లాస్య గేటు దగ్గర నిలబడి ఉంటుంది, ఆరో తరగతి పిల్ల, ఆటో ఎక్కి రమ్మంటే వస్తుంది గాని ఆటోవాడికివ్వడానికి దాని దగ్గరా ఏమీ ఉండదు. ఇంటి ఖర్చుకు నోట్లు వాడడం మానేసి ఏడాదయింది. పాలు, కూరగాయలు, గ్యాసు, బడి పుస్తకాలు, క్షవరం, అన్నీ ఈ కార్డే. నల్లగా, పలచగా, మూలన చిన్న మెరుపు, కింద ఇంగ్లీషులో భూమిక పేరు. మొదట్లో కొట్లవాళ్ళు నవ్వేవాళ్ళు. ‘భూమిక గారూ, మీ కార్డు’ అని గంగవ్వ కిరాణంలో తూకం వేసే ఎంకటి రెండు చేతులతో వంగి ఇచ్చేవాడు.

అందులో రూపాయలుండవు, దినార్లుండవు. ఈ ముక్క చెప్పి అందరినీ ఒప్పించడానికి ఆర్మూర్‌లో శ్రవణ్‌కు రెండు నెలలు పట్టింది. భూమిక బహ్రెయిన్‌లో, మనామాలో, ఒక బ్యూటీ సెలూన్‌లో పని చేస్తుంది, అక్కడి జీతంతో ఫోన్‌లోనే కాయిన్లు కొంటుంది, కాయినంటే చేత్తో పట్టుకునేది కాదు, డాలరెంతుంటే అదీ అంతే ఉంటుంది, వాటిని కార్డులో వేస్తుంది, ఇక్కడ గీకినప్పుడు అవి ఎక్కడో రూపాయలై కొట్టువాడికి చేరతాయి. క్రిప్టో కార్డంటారు. “అంటే బిట్‌కాయినా?” అని మెడికల్ షాపు లక్ష్మీరాజం కళ్ళద్దాలు పైకి జరిపి అడిగాడు. కాదు, అది పెరిగి పడే రకం, ఇది నిలకడగా ఉండే రకం. “మరి పెరగనిది ఎందుకయా?” అన్నాడాయన. మారీ అని, భూమికతో గదిలో ఉండే ఫిలిప్పీన్స్ పిల్ల చూపించింది ఈ దారి. పైసలు పంపే ఎక్స్‌ఛేంజి ఆఫీసు ఊరికి అవతలి చివర, వారానికొక్కటే సెలవు, ఆ సెలవు రోజున వరసలో నిలబడి, ఫీజు కట్టి, చీటీ ఫోటో తీసి పంపి, ఇక్కడ శ్రవణ్ బ్యాంకుకు పోయి తీసుకోవాలి. రోజంతా ఒకరి జుట్టు పట్టుకుని నిలబడిన కాళ్ళతో సెలవురోజు కూడా నిలబడడమెందుకు అంది భూమిక. అదీ నిజమే. ఇంకో నిజం కూడా ఉందని శ్రవణ్ అనుకున్నాడు. కార్డు ఇంటికి చేరిన రోజు ఆమె ఫోన్‌లో నవ్వుతూనే అంది, నువ్వేం కొన్నా నాకు ఈడ తెలుస్తది, కొట్టు పేరుతోని మెసేజ్ వస్తది అని.

వచ్చేది. మొదటి నెలల్లో సాయంత్రం ఫోన్‌లో అడిగేది, ఇయ్యాల చికెన్ తెచ్చినవా, గా చెప్పుల దుకాణమేంది, పోరి చెప్పులు తెగినయా. గీకిన క్షణంలో సముద్రం అవతల ఆమె చేతిలో ఫోన్ మోగుతుందని తెలిశాక గీకడం వేరే పనైపోయింది. కొట్టులో నిలబడ్డప్పుడు పక్కన ఆమె నిలబడినట్టే. మనామాలో భోజనాల వేళకు ఇక్కడ మూడున్నర అవుతుంది, శ్రవణ్ కూరగాయలకు ఆ వేళకే పోవడం అలవాటు చేసుకున్నాడు, ఫోన్ చూసే తీరిక ఆమెకు అప్పుడుంటుందని. బతుకమ్మకు లాస్యకు గాజులు ఒకేచోట కొనగలిగినవి రెండు కొట్లలో కొన్నాడు, రెండుసార్లు మోగనీ అని. ఫిబ్రవరిలో పెళ్ళిరోజున అరకిలో బాదుషా కొన్నాడు. ఇంట్లో తినేవాళ్ళు లేరు, లాస్యకు తీపి పడదు, అయినా మిఠాయి దుకాణం పేరు ఆ రోజున ఆమె ఫోన్‌లో పడాలి, పడితే అర్థమవుతుంది. ఆ సాయంత్రం ఆమె ఏమీ అనలేదు. శ్రవణూ అడగలేదు. అడిగితే ఇంకేముంది. బాదుషాలు సగం గంగవ్వ కొట్టుకే ఇచ్చి వచ్చాడు. నడుం నొప్పి మాత్రలకు మాత్రం కార్డు వాడలేదు, అవి కమ్మర్‌పల్లి దగ్గరున్న ఎకరం కౌలుకిస్తే వచ్చిన నోట్లతో కొన్నాడు, నెలకు నాలుగుసార్లు మెడికల్ షాపు పేరు చూస్తే ఆమె భయపడుతుంది. ఆ నోట్లు పోయిన నెల అయిపోయాయి.

లారీ కదిలింది. బస్తాల కుట్ల సందుల్లోంచి పసుపు పొడి రాలి రోడ్డు మీద సన్నటి గీత పడింది. ఇప్పుడు ఊరి చుట్టూ ఇదే వాసన, ఉడకబెట్టిన కొమ్ములు కళ్ళాల్లో ఎండుతున్నాయి, బాల్కొండ వైపు పోతే రోడ్డు పక్కంతా పచ్చటి పరుపులు పరిచినట్టుంటుంది. పడక ముందైతే అతనూ బస్తా ఎత్తేవాడు. పడడమంటే షార్జాలో, బిల్డింగు పనిలో, రెండో అంతస్తు చెక్క మీద నుంచి, ఎనిమిదేళ్ళు ఏమీ కాని మనిషి ఒక మంగళవారం పొద్దున పడ్డాడు. ఆ ఎనిమిదేళ్ళూ అతను పంపేవాడు, ఆమె ఖర్చు పెట్టేది. శుక్రవారం శుక్రవారం ఫోన్‌లో భూమిక నోటుబుక్కు తెరిచి చదివేది. ఉప్పు, పప్పు, కరెంటు బిల్లు, బీడీ ఆకు కొనడానికి తీసినది, మళ్ళీ బీడీలు చుడితే వచ్చినది. అతను పై బెర్తులో పడుకుని వినేవాడు, కింది బెర్తువాళ్ళూ వినేవాళ్ళు. ఒకసారి నూట యాభై ఏందని అడిగాడు. ఆమె చెప్పలేదు. మళ్ళీ అడిగాడు, లెక్క తప్పినందుకు కాదు, చెప్పనందుకు, గొంతు పెంచి అడిగాడు. అత్తమ్మ పక్కనే ఉంది, రేపు జెప్త, అంది. ఆ రేపు రాలేదు. ఆరేళ్ళ తర్వాత, తను ఇంట్లో మంచం మీద ఉండి ఆమె బహ్రెయిన్‌కు పెట్టె సర్దుకుంటున్నప్పుడు, అదేమిటో తనకై తానే చెప్పింది. ఆ నెల కడుపు పోయింది, రెండో నెల, దవాఖానకు ఆటోలో పోయి వచ్చింది, పోనూ రానూ నూట యాభై. చీరలు మడత పెడుతూ చెప్పింది, దువ్వెన ఎక్కడుందో చెప్పినట్టు. బ్యూటీషియన్ కోర్సు సర్టిఫికెట్టు చీరల మధ్యలో పెట్టింది నలగకుండా.

ఎత్తడం లేదు. ఇది ఐదోసారి. పదకొండు నలభై. శ్రవణ్ ఫోన్‌ను తొడ మీద బోర్లించి పెట్టాడు, చూస్తే మోగదేమో అన్నట్టు.

రెస్టారెంటు. అది రాకుండా ఇంతసేపు అటూ ఇటూ తిప్పుతున్నాడు గాని, అదే. పది రోజుల కింద గంగారాం మస్కట్ నుంచి ఎల్లకాలానికీ వచ్చేశాడు, చిన్నప్పుడు బడిలో ఇద్దరిదీ ఒకే బెంచీ, హైవే మీద ఫ్యామిలీ రెస్టారెంటని బోర్డున్న చోటికి పోయారు. ఫ్యామిలీలెవరూ లేరు. మూడు బీర్లు శ్రవణ్‌వి, మిగతావి గంగారాంవి. లేచేటప్పుడు గంగారాం జేబులు తడుముకున్నాడు, ఆ తడుముకునే చేతులను చూడలేక శ్రవణే కార్డు తీశాడు. పద్దెనిమిది వందల యాభై. మిషన్ ఒక్క క్షణంలో ఒప్పుకుంది. అప్పుడు గుర్తొచ్చింది, ఇప్పుడు అక్కడ మోగింది. సెలూన్‌లో ఎవరో ఆడమనిషి కనుబొమలకు దారం పట్టి వంగి ఉన్న భూమిక, పక్కన ఫోన్ వెలగడం, ఆ పేరు, ఆ అంకె. తెల్లారి ఫోన్‌లో ఆమె ఏమీ అడగలేదు. ఆ తెల్లారీ అడగలేదు. మాట్లాడేది నాలుగు నిమిషాలే, గొంతు సన్నగా, ఎటో తిరిగి మాట్లాడుతున్నట్టు, అలసిపోయిన, పండుకుంట, పోరికియ్యి. వీడియో పెట్టడం మానేసింది, వై ఫై మంచిగ లేదంది. తిడితే తిట్టు అయిపోతుంది. ఎనిమిదేళ్ళు లెక్క అడిగినవాడిని లెక్క అడగకుండా వదిలేసింది. అంటే ఇదీ మనసులో మడత పెట్టి ఎక్కడో దాచి ఉంటుంది. ఇప్పుడు ఆపేసింది. ఫోన్‌లో ఒక గుర్తు నొక్కితే కార్డు ఆగిపోతుందట, మళ్ళీ నొక్కితే నడుస్తుందట, అదీ ఆమే చెప్పింది ఒకప్పుడు. నొక్కింది.

కాకపోతే కార్డు కంపెనీనే ఎత్తేశారేమో. అది ఏ దేశంలో ఉంటుందో వాళ్ళిద్దరికీ తెలియదు. అలాంటివి రాత్రికి రాత్రి తలుపులు మూసుకున్నాయని వీడియోల్లో చూపిస్తారు, జనం నెత్తిన చేతులు పెట్టుకుని ఉంటారు. నాలుగు నెలల జీతం అందులోనే ఉంది, దసరాకు వచ్చి పోవడానికి టికెట్టు పైసలు. కంపెనీ మూసుకుపోవడమే మేలు అనుకున్నాడు శ్రవణ్ ఒక్క క్షణం. నాలుగు నెలలు నిలబడి ఉన్న కాళ్ళు అవి. తన మూడు బీర్ల సంగతి బయటపడకుండా ఉండడానికి ఆ కాళ్ళను మునగనిస్తున్నాడు. సిద్దులగుట్ట మీది నల్లరాళ్ళ నుంచి వేడి గాలి ఇటే వీస్తోంది. ఎత్తగానే తనే చెప్పాలి. అవును తాగిన, గీకిన, తప్పే, కార్డు మళ్ళీ నడిపియ్యి, పోరి బడి దగ్గర నిలబడి ఉంటది. కాదు, పోరిని అడ్డం పెట్టుకున్నట్టుంటుంది. పోరి మాట వద్దు.

“ఎత్తిందా?” నీలవ్వ నీళ్ళ సీసాతో వచ్చి ఎదురుగా నిలబడింది. రెండు పంపుల దగ్గరా బండ్లు లేవు.

“లేదక్కా.”

“ఎత్తుతది తియ్యి. మా ఆయన సౌదీల ఉన్నప్పుడు మూడు దినాలు ఎత్తలే. సచ్చిండనుకోని ఏడ్చిన. ఫోన్ నీళ్ళల్ల పడ్డదట.” ఆమె సీసా ఇచ్చి, గాజు గదిలోని మేనేజరు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. “నీ ఐదు వందలు నేనేసిన. రేపియ్యి. బడి విడిచే యాళ్ళయింది, పో.”

“వద్దక్కా, జర ఆగు...”

“ఏం వద్దు? పోరి ఎండల నిలవడతది.”

శ్రవణ్ లేచాడు. ఒక చేత్తో దిమ్మె పట్టుకుని, నడుమును ముందు నిలబెట్టి, తర్వాత తను నిలబడ్డాడు. థాంక్స్ చెబుదామనుకునేలోగా నీలవ్వ ఒక ఆటో వైపు పోయింది. బండి స్టాండు తీస్తుండగా ఫోన్ మోగింది. పన్నెండు దాటి ఎనిమిది నిమిషాలు.

“హలో,” అంది భూమిక. గొంతు మరీ సన్నగా ఉంది.

“ఏడున్నవ్? ఎన్నిసార్లు జేసిన!”

“దవాఖానల ఉన్న. ఫోన్ మారీ దగ్గర ఉండె, ఇప్పుడే ఇచ్చింది. పరేషాన్ గాకు. పిత్తసంచిల రాళ్ళున్నయన్నరు, నిన్న రాత్రి తీసేసిన్రు. మూడు చిన్నచిన్న కోతలే. మంచిగనే ఉన్న.”

శ్రవణ్‌కు ముందు అర్థమైంది ‘మంచిగనే ఉన్న’ ఒక్కటే, మిగతావి వెనక నుంచి ఒక్కొక్కటిగా వచ్చాయి. ఆపరేషన్. నిన్న రాత్రి. నిన్న రాత్రి తను ఏం చేస్తున్నాడు, చపాతీలు చేస్తున్నాడు, లాస్య రెండు తిన్నది.

“కార్డుల పైసలన్ని నేనే తీసిన. ముందుగాల కట్టాలన్నరు. నీకు జెప్దామనుకుంటుంటనే మత్తు ఇచ్చిన్రు. కార్డు కొట్టినవా?”

“నాకెందుకు జెప్పలే?”

“పది పన్నెండు దినాలసంది నొస్తుంది. జెప్తే నువ్వు ఆడ కూసోని ఏం జేస్తుంటివి? పోరి ఏడుస్తుండె, గంతే.” ఆ మాటలో కోపం లేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. వీడియో పెట్టకపోవడం, నాలుగు నిమిషాలు, ఎటో తిరిగి మాట్లాడడం, అన్నీ శ్రవణ్ తల్లో ఒకదాని మీద ఒకటి పడ్డాయి, పది రోజులు అవన్నీ తన మీది కోపమే అనుకున్నాడు, నొప్పిని కూడా తన లెక్కలోనే వేసుకున్నాడు.

“నేను గా రెస్టారెంట్ సంగతికి అలిగినవనుకున్న,” అన్నాడు.

“ఏ రెస్టారెంటు?”

“గంగారాం వస్తే పోయినం. తాగిన. కార్డు కొట్టిన. నీకు మెసేజ్ వచ్చుంటది గద.”

“నాకేం రాలే. గవి బంద్ వెట్టి ఎన్ని దినాలాయె! దసరా ముందే వెట్టిన. కస్టమర్లున్నప్పుడు టింగు టింగుమంటే మేడం గుడ్లురుముతుండె.” ఒక క్షణం ఆగి, “ఎంతయింది?” అంది.

“పద్దెనిమిది వందల యాభై.”

“మస్తు తాగిన్రు.”

దసరా ముందే. గాజులు రెండు కొట్లలో. మూడున్నరకు కూరగాయలు, ఎండలో, రోజూ. అరకిలో బాదుషా. ఆరు నెలలు ఎవరూ చూడని చోట చూస్తున్నారని బతికాడు శ్రవణ్, మంచీ చెడూ రెండూ ఆమెకు చేరుతున్నాయనుకుని, ఒక్కటీ చేరలేదు, నోటితో చెప్పినవే చేరాయి, నోటితో చెప్పినవి నాలుగు నిమిషాలు. తేలికపడ్డాడో, ఏదో పోగొట్టుకున్నాడో తేలలేదు. చేతిలో కార్డు ఇంకా ఉంది. వట్టి ప్లాస్టిక్ ముక్క, వేలితో వంచితే కొంచెం వంగింది.

“ఈ నెల ఏం పడది. పదిహేను దినాలు రావొద్దన్నరు, జీతం గూడ ఉండది,” అంది భూమిక.

“పడకపోనీ. నేను చూసుకుంట.” ఎట్లా చూసుకుంటాడో అతనికీ తెలియదు. ఆమె కూడా అడగలేదు. “ఎవరున్నరు నీ దగ్గర?” “మారీ ఉన్నది, పదింటికి పోతది.” “డాక్టరేమన్నడు?” “రేపు పొమ్మన్నడు.” “టికెట్ పైసలు గూడ అయిపోయినయా?” “అయిపోయినయి.” అటువైపు ఏదో బండి చక్రాలు గచ్చు మీద దొర్లుతున్న చప్పుడు.

“ఏడున్నవ్ నువ్వు? లారీలు ఇనవడ్తున్నయి.”

“బంకుల. పెట్రోలు పోయించుకున్న, కార్డు నడవలే. గంటసేపటిసంది గాలి మిషన్ కాడ కూసున్న, నన్ను కుదువ వెట్టుకున్నరు.”

భూమిక నవ్వింది, నవ్వు సగంలో అబ్బా అంది. “నవ్వియ్యకు. కుట్లు గుంజుతున్నయి.” తర్వాత తనే వీడియో పెట్టింది. పచ్చబడిన ముఖం, కట్టని జుట్టు, ఊరందరి కనుబొమలు దిద్దే మనిషి కనుబొమలు గుబురుగా పెరిగి ఉన్నాయి. శ్రవణ్ ఎండకు చెయ్యి అడ్డం పెట్టి చూశాడు. ఆమే అంది, పన్నెండున్నర గావస్తుంది, పో, పోరికి జెప్పు, భయపడకుంట జెప్పు.

బడి దగ్గరికి చేరేసరికి పన్నెండు నలభై. గేటు మూసేశారు. లాస్య గోడ నీడలో, సంచీ పొట్ట మీద పెట్టుకుని నిలబడి ఉంది. ఆలస్యమెందుకని అడగలేదు, ఎక్కి కూర్చుంది. బండిని గుంతల్లో పడకుండా మెల్లగా పోనిస్తూ, ముందుకే చూస్తూ శ్రవణ్ చెప్పాడు. అమ్మకు కడుపుల రాళ్ళుండె, ఆపరేషన్ జేసి తీసిన్రు, ఇప్పుడే మాట్లాడిన, మంచిగున్నది, నవ్వింది గూడ. సంచీ బరువు, దాని మీద పిల్ల తల బరువు వీపుకు ఆనాయి. మామిడిపల్లి మలుపు దాటారు.

“బాపూ, అమ్మ ఏమన్న తిన్నదా?”

ఎందుకు చెప్పలేదని అడిగాడు, ఎవరున్నారని అడిగాడు, డాక్టరు సంగతి, టికెట్టు సంగతి అడిగాడు, రెస్టారెంటు కూడా చెప్పుకున్నాడు. శ్రవణ్ బండిని రోడ్డు పక్కకు తీశాడు.

“అడగలే బిడ్డా,” అని ఫోన్ తీసి భుజం మీదుగా వెనక్కిచ్చాడు. “నువ్వడుగు.”

లాస్య ఫోన్ చేసింది. నాలుగో రింగుకు అటువైపు ఎత్తారు. “అమ్మా, తిన్నవా?” అంది పిల్ల. జవాబు వినపడాలని శ్రవణ్ ఇంజను ఆపాడు.